ఖాళీ అని గుర్తుపెట్టిన చేతులు

మార్చి 14, శనివారం

చిరంజీవి పిచ్చుకకు,

పెద్దక్క ఆశీర్వదించి రాస్తున్నది. అందరం క్షేమమని మొదటి వరసలో రాయాలి కనుక రాస్తున్నాను. నాన్న మోకాలు, మీ అన్నయ్య కోపం, నా నిద్ర తప్పిస్తే క్షేమమే. నువ్వు వేళకు తింటున్నావని మీ లాండ్రీలో నీతో పనిచేసే పొడుగావిడ చెప్పింది. నువ్వు ఉంటున్న ఆవిడ గదిలోకి పొద్దుటి ఎండ వస్తుందని కూడా చెప్పింది. సంతోషం.

పన్నెండు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తమని అడగను. ఫోన్‌లో నాలుగు మాటల తరవాత నాకు ఐదో మాట రాదని నీకు తెలుసు. అందుకే కాగితం. పొడుగావిడ చేతికి ఇచ్చి పంపుతున్నాను. సోమవారం నీ విచారణ ఉంది, ఆలోపల చదువు. చింపెయ్యాలనిపిస్తే ఒక్క పేజీ చదివి చింపు.

గురువారం ఉదయం సంగతి ముందు చెప్పాలి.

ఐదింటికి లేచాను. కిటికీ పక్క కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రార్థనకు కూర్చున్నాను. నీ పేరు చెప్పుకున్నాను, మీ అన్నయ్య పేరు, మీ వదిన పేరు, నాన్న పేరు. లేచేసరికి నాన్న గడ్డం గీసుకుంటూ అద్దంతో దెబ్బలాడుతున్నారు. బ్లేడు మొద్దుబారిందా, తన గడ్డమే ముదిరిందా తేల్చిచెప్పమన్నారు. రెండూ అన్నాను. మీ వదిన పాలు పొంగబెట్టి, పొయ్యి తుడుస్తూ, తప్పంతా పొయ్యిదే అన్నట్టు దాన్ని తిడుతోంది. మీ అన్నయ్య ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోదాని కోసం మంచం కింద దూరాడు. ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా వెళ్ళి బాగుచేసే మనిషి, తన మేజోడు తాను కనుక్కోలేడు. నీ మంచం మీద దుప్పటి మీ వదిన మార్చింది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. నాన్న కూడా.

ఎనిమిదింటికి బస్సు ఎక్కాను. ముప్పావుగంటలో టైర్ల కొట్టు పక్కన దిగి, కొట్టు పై అంతస్తులోకి మెట్లెక్కాను. నా పని అక్కడే. ఆ పని ఏమిటో నువ్వు ఎప్పుడూ అడగలేదు. కంప్యూటర్ పని అని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. బయట ఎవరికీ చెప్పనని నేను సంతకం పెట్టాను. ఇవాళ చెబుతున్నాను.

అక్కడ పద్దెనిమిది కంప్యూటర్లు, పద్దెనిమిది కుర్చీలు, ఒక నీళ్ళ డ్రమ్ము ఉంటాయి. మాకు వీడియో ముక్కలు వస్తాయి. ఒక్కొక్కటి పది సెకన్లు. మనుషులు నడవడం, వంగడం, బరువెత్తడం. కంప్యూటర్‌కు చూపు ఉంది, అర్థం లేదు. చెయ్యేదో, గుడ్డేదో దానికి తెలియదు. మేము మణికట్టు మీద ఒక చుక్క పెడతాం. మోచేతి మీద ఒకటి. వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటి. తరవాత ఆ కదలిక పేరేమిటో చెబుతాం. ఎత్తుతోంది, మడుస్తోంది, దించుతోంది. అలా లక్షసార్లు చెబితే, లక్షా ఒకటోసారి అదే చెబుతుంది. నేర్పడం అంటే అంతే. గురువారం సాయంత్రం నాన్నకు ఇది వివరిస్తే, లక్షసార్లు చెబితే మీ తమ్ముడికి కూడా మేజోళ్ళ చోటు తెలుస్తుందేమో కనుక్కోమన్నారు.

జనవరి నుంచి మాకు చేతులే వస్తున్నాయి. మోచేతుల దగ్గర నుంచి బల్ల దాకా కనిపిస్తాయి. మొహాలు కత్తిరించేస్తారు. ఎక్కడివో, ఎప్పటివో రాయరు. ఒక బల్ల, గుడ్డలు, మడతపెట్టే చేతులు. వాటితో పాటు ఒక నియమాల కాగితం వచ్చింది. అందులో ఒక వాక్యం ఇది: చేతులు ఒక సెకను మించి కదలకుండా ఉంటే, అక్కడినుంచి మళ్ళీ కదిలేదాకా 'ఖాళీ' అని గుర్తుపెట్టవలెను.

నేను అలాగే పెట్టాను. నాకు చెప్పినట్టు చెయ్యడం అలవాటు. అమ్మ చనిపోయిన ఏడాది నుంచీ అలవాటు.

నా పక్క కుర్చీలో ఒకాయన ఉంటారు. గదిలో అందరూ ఆయన్ను సందేహాల రావు అంటారు. ఇరవై ఏళ్ళు దర్జీ పని చేసి, కళ్ళు సూదిలో దారం ఎక్కించడానికి సరిపోక ఇటు వచ్చారు. ప్రతి ముక్కకూ ఆయనకు ఒక సందేహం. గుడ్డను రెండు కొసలూ పట్టుకుని ఎత్తి ఆగితే దాన్ని ఖాళీ అంటారేమిటండీ, గుడ్డ ఎత్తి పట్టుకున్నవాడు గుడ్డను చూస్తున్నట్టు కదా అని జనవరిలోనే అన్నారు. నేను నియమం చూపించాను. రావుగారూ, మనల్ని అడిగింది చేతులు కదులుతున్నాయా లేదా అని, ఎందుకు ఆగాయని కాదు అన్నాను. ఆయన చేతులు జోడించి, మీరు చెబితే సుప్రీంకోర్టే పెద్దక్కా అని నవ్వేశారు. కానీ అలాంటి ముక్క వచ్చినప్పుడల్లా మళ్ళీ 'పని' అనే పెట్టేవారు.

ఫిబ్రవరిలో నా గుర్తులను ప్రమాణంగా పెట్టారు. అంటే, మిగతా పదిహేడుగురూ పెట్టిన గుర్తులను నావాటితో పోల్చి చూస్తారు. కలవకపోతే తిప్పి పంపుతారు. నా చెయ్యి నిలకడ అన్నారు. ఉదయం తొమ్మిదింటి గుర్తుకీ సాయంత్రం ఐదింటి గుర్తుకీ వెంట్రుకవాసి తేడా లేదన్నారు. గదిలో చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నేను స్వీట్లు తెస్తే నువ్వు ఎందుకు అని అడిగావు. ఊరికే అన్నాను.

ఇక గురువారం. పదింటికి ఒక ముక్క వచ్చింది. ఈమధ్య కంప్యూటర్ ముందే తన జవాబు చెప్పేస్తుంది. మేము అవును అని నొక్కాలి, లేకపోతే దిద్దాలి. తెర మీద రెండు చేతులు ఒక పచ్చరంగు ఆపరేషన్ గుడ్డను కొసలు పట్టుకుని వెలుతురుకు ఎత్తాయి. ఆగాయి. కింద అక్షరాలు వచ్చాయి: ఖాళీ, నూటికి తొంభై ఏడు పాళ్ళు నమ్మకం. గుడ్డ దిగింది. మూడు మడతలు పడింది. మడత మీద అరచేతి అంచుతో రెండుసార్లు రాసి, చివర ఒక్క దెబ్బ.

ఆ దెబ్బ నాకు తెలుసు. నువ్వు దిండుగలీబుకి అలా కొడతావు. వార్తాపత్రికకీ కొడతావు. ఒకసారి బస్సు టిక్కెట్టుకి కూడా కొట్టావు. ఇంక లేవకు అని దాన్ని పడుకోబెట్టినట్టు.

అవి నీ చేతులని నాకు తెలిసింది అప్పుడే. మీ లాండ్రీ కెమెరా లెక్క చూపించి నిన్ను పనిలోకి రావద్దన్న నోటీసు తెచ్చి నువ్వు భోజనాల బల్ల మీద పరిచినప్పుడు, 'చేతులు ఖాళీగా ఉన్న సమయం నూటికి ముప్పై ఒకటి' అన్న వరస చదివినప్పుడు కూడా నాకు తట్టలేదు. గుడ్డలు మడతపెట్టే చోట్లు లోకంలో ఎన్నో ఉంటాయి అనుకున్నాను. ఆసుపత్రి గుడ్డల లాండ్రీ ఒక్క మీదేనా అనుకున్నాను.

నువ్వు ఆ గుడ్డను ఎందుకు ఎత్తుతావో నాకు తెలుసు. చేరిన కొత్తలో నువ్వే భోజనం దగ్గర చెప్పావు. ఆపరేషన్ గదిలో ఎవరో తొందరలో సూది గుడ్డలోనే వదిలేస్తారు. ఉతికినా అది పోదు. మడతలో పెడితే మళ్ళీ ఎవరి ఒంట్లోనో దిగుతుంది. అందుకని మడిచేముందు ప్రతి గుడ్డనూ వెలుతురుకి ఎత్తి, పల్చటి గుడ్డకు ఒక ఊపిరి, మందం గుడ్డకు రెండు ఊపిరులు చూడాలి. మీ పాత మేస్త్రీ నేర్పిన పద్ధతి. నువ్వు కుర్చీలోంచి లేచి నా చీరతోనే చేసి చూపించావు.

ఒక్కచోట కుదురుగా నిలవవని నాన్న నీకు పిచ్చుక అని పేరు పెట్టారు. రోజు మొత్తంలో నువ్వు కదలకుండా ఉండేది ఆ రెండు ఊపిరులే. దాన్నే నేను ఖాళీ అని నేర్పాను.

నేను అవును నొక్కలేదు. దిద్దాను. 'పని' అని పెట్టాను. తెర మీద ఎర్ర పట్టీ వచ్చింది: మీ గుర్తు ప్రమాణానికి విరుద్ధంగా ఉంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎరుపు. ప్రమాణం ఎవరిది? నాది.

మా గుర్తులు తనిఖీ చేసే అమ్మాయి ఉంది, మెడలో తాళాల గుత్తి వేసుకుని తిరుగుతుంది. చెడ్డది కాదు. ఆమె దగ్గరికి వెళ్ళి, నియమం తప్పు అన్నాను. ఆగిన చెయ్యి అక్కడ సూదికోసం చూస్తోంది అని చెప్పాను. ఆమె కంగారు పడి, పెద్దక్కా, మీ గుర్తులే కదా దానికి బడి పుస్తకం, మీరే కాదంటే అది ఇంకెవర్ని నమ్ముతుంది అంది. అయితే దాని బడిలో టీచరు తప్పు చెప్పిందని రాసిపెట్టమ్మా అన్నాను. అలా రాసే గడి లేదు అక్కా అంది. నిజంగానే లేదు. నియమం పని ఇచ్చినవాళ్ళ దగ్గరనుంచి వచ్చింది, మనం మార్చలేం, నలభై వేల ముక్కలు అయిపోయాయి, మీకు ఒంట్లో బాలేకపోతే ఇంటికి వెళ్ళండి అంది.

ఒంట్లో బాగానే ఉందని చెప్పి వచ్చి కూర్చున్నాను. రావుగారిని, మీ గుర్తులు ఎన్ని తిరిగివచ్చాయి అని అడిగాను. రెండువందల పదకొండు, ప్రతిసారీ పక్కన మీ పేరే అక్కా అన్నారు. ఆయన నవ్వలేదు. ఎందుకు మళ్ళీ మళ్ళీ అలాగే పెట్టారు అన్నాను. గుడ్డ నాకు తెలుసు కదండీ అన్నారు. సోమవారం ఒకచోటికి వచ్చి ఆ మాట చెబుతారా అన్నాను. ఆయన తల వంచుకుని, పిల్లల చదువులు ఉన్నాయి పెద్దక్కా, ఈ కుర్చీ పోతే నాకు ఇంకో కుర్చీ లేదు అన్నారు. నేను బలవంతం చెయ్యలేదు. ఆయన వంతు ధైర్యం ఆయన రెండువందల పదకొండుసార్లు చూపించారు.

పిచ్చుకా, మిగతావాళ్ళు అప్పుడప్పుడు నియమం తప్పారు. అందువల్ల వాళ్ళ గుర్తుల్లో అక్కడక్కడా నిజం మిగిలింది. నేను ఒక్కసారీ తప్పలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పొడుగావిడ వరండాలో కూర్చుని ఉంది. మధ్యవేలుకి కట్టు. నాన్న ఎదురుగా కూర్చుని, మీ ఇంటి గుమ్మాలు నీ ఎత్తుకు సరిపోతాయా అమ్మా అని అడుగుతున్నారు. సరిపోవు బాబాయ్‌గారూ, అందుకే నాకు వినయం ఎక్కువ అంటోంది. నన్ను చూశాక ఆ నవ్వు పోయింది.

నీకు నోటీసు వచ్చిన మర్నాటి నుంచి మీ లాండ్రీలో ఎవరూ గుడ్డ ఎత్తడం లేదట. అందరి అంకెలూ గోడమీద బోర్డులో పచ్చగా ఉన్నాయట. తన అంకె అన్నిటికన్నా పచ్చగా ఉందట. బుధవారం మధ్యాహ్నం మడత మీద చెయ్యి రాస్తుంటే సూది దిగింది. ఎవరి ఒంటి మీద వాడిన సూదో తెలియదు. నెల్లాళ్ళు మాత్రలు మింగాలి, మూడుసార్లు రక్తపరీక్ష. ఇది నీకు చెప్పవద్దంది. చెబితే నువ్వు ఆ రాత్రే మేనేజరు ఇంటి మీదికి వెళతావని భయం. వంట చేస్తుంటే కత్తి తగిలిందని నీకు చెప్పానంది. నేను చెబుతున్నాను. నీకు తెలియాలి. ఆవిడ మీద కోప్పడకు. మేనేజరు మీద కూడా ఇప్పుడే వద్దు.

నిన్ను గురించి ఏమిటి కబురు అని అడిగాను. తింటోంది, మాట్లాడటం లేదు, నాకున్నవి రెండు దుప్పట్లు అక్కగారూ, వాటిని రోజుకి మూడుసార్లు మడతపెడుతోంది, కప్పుకోవాలంటే భయంగా ఉంది అంది.

ఏడింటికి మీ అన్నయ్య వచ్చాడు. అందరినీ కూర్చోమన్నాను. పొడుగావిడనూ ఉండమన్నాను. ఇప్పటిదాకా నీకు రాసినదంతా చెప్పాను. నేను అంతసేపు మాట్లాడటం మన ఇంట్లో ఇదివరకు ఎవరూ వినలేదు. మధ్యలో నాన్న ఒకసారి మంచినీళ్ళు అందించారు.

మీ అన్నయ్యకు కోపం వచ్చింది. ముందు నా మీద, తరవాత నా గురించి. అక్కా, సంతకం పెట్టి ఉన్నావు, నోరు విప్పితే నీ ఉద్యోగం పోతుంది, దానితో చెల్లి ఉద్యోగం వస్తుందన్న నమ్మకమూ లేదు, ఇంట్లో ఒకటి పోయింది చాలదా అన్నాడు. న్యాయమైన మాటే. నేను జవాబు చెప్పేలోగా మీ వదిన అందుకుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల జనం అరుస్తుంటే, నేను ఫలానా కాగితం మీద సంతకం పెట్టాను తలుపు తియ్యను అంటారేమిటండీ మీరు అంది. మీ అన్నయ్య, అదీ ఇదీ ఒకటేనా అన్నాడు. ఒకటి కాకపోతే తేడా చెప్పండి అంది. 

నీకూ మీ వదినకూ గిన్నెల దగ్గర పడదు. అయినా తరవాత జరిగినదంతా ఆమె ఆలోచనే. లోపలికి వెళ్ళి ఆరు దుప్పట్లు, ఐదు పిన్నీసులు తెచ్చింది. మమ్మల్ని అటు తిరగమని, పిన్నీసులు ఎక్కడెక్కడో గుచ్చి, దుప్పట్లు కలగాపులగం చేసింది. మీ అన్నయ్య చేతికి అతని ఫోనే ఇచ్చి, వీడియో తియ్యండి, టైమూ చూడండి, కోపం తరవాత పడుదురుగాని అంది.

మొదటిసారి ఎత్తి చూడకుండా మడతపెట్టాలి. నాన్న నేను చేస్తానని లేచారు. గబగబా మడిచారు. ఐదు పిన్నీసుల్లో ఒకటి దొరికింది. అది కూడా ఆయన బొటనవేలికి. ఆయన పిన్నీసును తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మీ వదిన ఆ పిన్నీసు మళ్ళీ గుచ్చి దుప్పట్లు కలిపాక, రెండోసారి పొడుగావిడ చేసింది. కట్టు ఉన్న వేలిని దూరంగా పెట్టి, ఒక్కొక్క దుప్పటినీ దీపానికి ఎత్తింది. ఆవిడ ఎత్తితే దుప్పటి కింద అంచు నేలకు తగలదు. ఒక ఊపిరి. రెండు. ఐదూ దొరికాయి. మీ అన్నయ్య టైము రెండుసార్లు చూశాడు. తరవాత, తేడా పదకొండు సెకన్లు అన్నాడు. ఆరు దుప్పట్లకీ కలిపి.

నాన్న వేలు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. తీసి మాట్లాడారు. గూడ్సు యార్డులో క్రేన్ నడిపిన రోజుల్లో, కొక్కెం ఊగడం ఆగేదాకా లివరు మీద చెయ్యి కదపకుండా కూర్చునేవాణ్ణి, కింద మనుషులుండేవారు, ఒక్కోసారి పావుగంట ఆగేవాణ్ణి, మీ కంప్యూటర్ చూస్తే ముప్పై ఏళ్ళు నేను ఊరికే కూర్చున్నానని చెబుతుంది, ఇంకా నయం, ఇచ్చిన పింఛను వెనక్కి అడగలేదు అన్నారు. మీ వదిన నవ్వింది. పొడుగావిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

తరవాత ఆయన నవ్వు మానేసి, ఇప్పుడు తేల్చండి అన్నారు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగారు.

తేలినది ఇది. సోమవారం పదింటికి నీ విచారణకు అందరం వస్తాం. లోపలికి ఒక్కరినే రానిస్తామంటే నేను వెళతాను. ఆ ఖాళీ గుర్తులు నేర్పింది నేను, అవి తప్పు అని నా పేరుతో చెబుతాను. ఆ నియమం వాక్యం నేను కాగితం చూడకుండా చెప్పగలను, చెబుతాను. మీ వదిన ఆరు దుప్పట్లు, ఐదు పిన్నీసులు సంచిలో పెట్టింది. మేనేజరునే మడతపెట్టమంటానంటోంది, వారించలేకపోయాం. పొడుగావిడ వేలు చూపిస్తుంది. ఆవిడ అంకె ఇంకా బోర్డు మీద పచ్చగానే ఉంది, అదీ చూపిస్తుంది. వాళ్ళు వినకపోతే అదేరోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడి, డ్యూటీ దిగేవాళ్ళకూ ఎక్కేవాళ్ళకూ గుడ్డ ఎత్తి చూడమని చెబుతాం. మర్నాడూ చెబుతాం. నా ఉద్యోగం పోతుంది. పోనీ అన్నాను. మీ అన్నయ్యను నాన్న చివర అడిగారు. అతను లేచి, ఫోన్‌లో ఆ వీడియో మళ్ళీ ఒకసారి చూసుకుని, సోమవారం సెలవు పెడుతున్నాను, రెండు మేజోళ్ళూ ఇప్పుడే వెతికి పెట్టుకుంటాను అన్నాడు.

నువ్వు వచ్చి మా మధ్య కూర్చోవాలని అందరి కోరిక. అందరం ఒప్పుకున్నది మాత్రం, నిన్ను బలవంతం చెయ్యకూడదని.

ప్రార్థనలో నీ పేరు మానలేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దక్క

తా.క. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. పైన ఒక అబద్ధం రాశాను. కొట్టివేసి దిద్దవచ్చు. దిద్దితే నీకు తెలియదు. అందుకని దాన్ని అలాగే ఉంచి కింద నిజం రాస్తున్నాను.

నీ చేతులు నేను మొదట చూసింది గురువారం కాదు. ఫిబ్రవరి మొదటి వారం. ఈగను తోలడానికి నువ్వు చెయ్యి విసిరావు. అరచెయ్యి కెమెరా వైపు తెరుచుకుంది. డబ్బా మూత కోసిన గాటు కనిపించింది. నీ తొమ్మిదో ఏట ఆ చేతికి కట్టు కట్టింది నేనే. చూసి నవ్వుకున్నాను. సాయంత్రం నీకు చెప్పాలనుకున్నాను. తరవాత నువ్వు గుడ్డ ఎత్తి ఆగావు. ఎందుకు ఆగావో నాకు తెలుసు. గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఎవరి గుర్తులను ప్రమాణంగా పెట్టాలా అని ఆ వారమే చూస్తున్నారు. నియమం తప్పితే నా పేరు పోతుంది. నాకు ఆ పేరు కావాలనిపించింది. ఖాళీ అని నొక్కాను. ఆ తరవాత నీ చేతులని తెలిసీ ముప్పై నాలుగుసార్లు నొక్కాను. గుర్తుంచుకుని లెక్కపెట్టాను.

నోటీసు తెచ్చిన రోజు నువ్వు ఏడుస్తుంటే, కంప్యూటర్‌కు నీ మీద పగ ఏముంటుంది, నువ్వే ఎక్కడో నిదానించి ఉంటావు అన్నాను. అప్పటికే నాకు అంతా తెలుసు. నా పని ఏమిటని నువ్వు అడగకుండా ఉండాలని ఆ మాట అన్నాను. ఆ మాటకే నువ్వు సంచి సర్దుకుని వెళ్ళావు.

ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందు నీకు చెబుతున్నాను. రేపు వాళ్ళకు చెబుతాను. సోమవారం ఆ గదిలో కూడా చెబుతాను. ఇది చదివాక నీకు రాబుద్ధి కాకపోతే రావద్దు. నేను పదికి ఐదు నిమిషాల ముందు అక్కడ ఉంటాను.